హసన్‌పర్తి కాలువలో ఒక ఆదివారం

గత వానాకాలం సికింద్రాబాద్‌లో మా కాలనీ మోకాళ్ల లోతు నీళ్లలో మునిగింది. ఆ తర్వాత నేను వెళ్లని మీటింగు లేదు, సంతకం పెట్టని వినతిపత్రం లేదు. వీధి నీళ్లు పోవాల్సిన నాలా మాత్రం అలాగే పూడిపోయి ఉంది. ఎండాకాలం చివర్లో మా పెద్దమ్మ కూతురు సరోజక్క హసన్‌పర్తి నుంచి వాయిస్ మెసేజ్ పెట్టింది. వాన నీళ్లను చెరువులోకి తీసుకుపోయే కాలువను ఆదివారాలు తామే శుభ్రం చేసుకుంటున్నారట. "ఒక్కసారి అచ్చి చూసిపో చెల్లె. మీ దగ్గర గూడ మొదలుపెడుదువు" అంది. ఉత్సాహంతో కాదు, ఇంక వేరే దారి తోచక బయలుదేరాను.

శనివారం మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో రైలు ఆలస్యంగా కదిలింది. రిజర్వేషన్ లేదు. జనగామ దాటేదాకా జనరల్ బోగీ తలుపు దగ్గరే నిలబడ్డాను. తర్వాత ఒక పెద్దామె జరిగి చోటిచ్చింది. ఆమెది నర్సంపేట దగ్గరి పల్లె, దవాఖానలో ఉన్న చెల్లెల్ని చూసి వస్తోంది. నిరుడు పత్తి రెండుసార్లు విత్తారట. మొదటిసారి వాన లేక మొలకలు మాడిపోయాయి, రెండోసారి వాన వదలక చేను కుళ్లిపోయింది. కాలువ తీయడానికి వెళ్తున్నానని చెబితే కాసేపు నా ముఖం చూసింది.

"కైకిలి ఇస్తరా బిడ్డా?"

కూలి ఏమీ ఇవ్వరన్నాను. ఆమె సంచీలోంచి ఒక మామిడిపండు తీసి నా చేతిలో పెట్టింది.

కాజీపేటలో దిగేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది కానీ వేడి తగ్గలేదు. అక్కడినుంచి ఆటోలో హన్మకొండ చౌరస్తా, చౌరస్తా నుంచి షేర్ ఆటోలో హసన్‌పర్తి. ఈ దారిన వెళ్లేవాళ్లు కరీంనగర్ వైపు బస్సు ఎక్కడం మేలు. ఆటోలో ముందు సీటు కమ్మీకి ఆనుకుని నా మోకాళ్లు తిమ్మిరెక్కిపోయాయి. సరోజక్క తన టైలరింగ్ షాపు షట్టర్ దించి నాకోసం రోడ్డు మీదే నిలబడి ఉంది. నిరుటికంటే సగమైంది మనిషి. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తింటూనే నాకు కళ్లు మూతలు పడ్డాయి.

తెల్లారి ఆరింటికి కాలువ గట్టుకు చేరాం. వాట్సాప్ గ్రూపులో వీధి వీధంతా ఉంది. గట్టు మీద మాతో కలిపి ఐదుగురం. వాళ్లలో సమ్మయ్య అనే పవర్‌లూమ్ కార్మికుడు ఉన్నాడు. కాలువకు దిగువన, పల్లంలో ఉంటుంది వాళ్ల ఇల్లు. నిరుటి వానకు నీళ్లు ఇంట్లోకి వచ్చి మగ్గం మోటారు కాలిపోయింది. అందరికంటే ముందు వచ్చేది ఆయనేనని అక్క చెప్పింది. ఎందుకని నేను అడిగితే, మబ్బు పడితే నిద్ర పట్టదని మాత్రం అన్నాడు.

గ్లౌజులు తొడుక్కుని, కాలువ రోడ్డు కిందుగా పోయే కల్వర్టు వైపు నడిచాం. ముందు నడుస్తున్న అక్క ఆగిపోయింది. పోయిన ఆదివారం వీళ్లంతా పొద్దంతా తీసి శుభ్రం చేసిన చోట ఇటుక పెళ్లలు, సిమెంటు గడ్డలు గుట్టగా పోసి ఉన్నాయి. కల్వర్టు నోరు దాదాపు మూసుకుపోయింది. అక్క గట్టు మీద కూర్చుని గ్లౌజులు తీసి పక్కన పెట్టింది. చిన్నప్పటినుంచి నాకు తెలిసిన సరోజక్క ఎవరి ముందూ అలా కూలబడిన మనిషి కాదు. నేను పక్కన కూర్చున్నాను.

అంతలో ఇంకో ట్రాక్టరు అదే పెళ్లల లోడుతో వచ్చి వెనక్కి తిరుగుతోంది. సమ్మయ్య పార కింద పెట్టి కాలువలోకి దిగాడు. సరిగ్గా ట్రాలీ వెనక, పెళ్లలు పడే చోట నిలబడ్డాడు. డ్రైవరు హారన్ కొట్టాడు, తర్వాత దిగి వచ్చి బతిమాలాడు, తనది కిరాయి బండి అన్నాడు. సమ్మయ్య కదల్లేదు.

"పొయ్యి తమ్మీ, నా మీదనే పొయ్యి. వానకాలం ఇంట్ల కూసోని సచ్చుడు కంటె గిదే నయం."

గొంతు పెంచలేదు. అందుకే నాకు భయమేసింది. డ్రైవరు లోడు యజమానికి ఫోన్ చేశాడు. కాసేపట్లో బండి మీద ఒకాయన వచ్చాడు. ఆయన్ని చూడగానే సమ్మయ్య తల దించుకున్నాడు. వచ్చినాయన పేరు ఓదేలు, వాళ్ల వీధివాడే, సమ్మయ్యకు వరసకు బావ. నిరుటి వరదకు ఆయన ఇంటి వెనక గోడలు నాని కూలిపోయాయి. ఇన్నాళ్లకు అప్పు పుట్టి మళ్లీ కట్టుకుంటున్నాడు. ఆ గోడల పెళ్లలే ఇవి.

"యాడ పొయ్యాలె సమ్మయ్యా? చెత్తబండోడు ఎత్తడాయె. రోడ్డు మీద పోస్తె తిడుతాండ్లు. నువ్వు జెప్పు, యాడ పొయ్యాలె?"

తప్పు చేసినవాడి మీద అరుద్దామని లేచిన అక్క ఆగిపోయింది. ఆయన కళ్ల కింద నలుపు చూస్తే అరవబుద్ధి కాలేదు.

సమ్మయ్యే గట్టెక్కి వచ్చి అన్నాడు. "మా ఇంట్ల పొయ్యి బావా. మగ్గం కింద నేల ఎత్తు జేసుకుంట."

ట్రాక్టరు అటు వెళ్లింది. లోడు దించి ఖాళీగా తిరిగొచ్చింది, ఓదేలు కూడా వచ్చాడు. కాలువలో ముందే పోసిన పెళ్లలను ఎత్తడం మొదలుపెట్టాం. తట్టలు చేతులు మారుస్తూ గట్టెక్కించి ట్రాలీలో వేయడం. ఎండ ముదిరింది. అరగంటకే నా అరచేతులు బొబ్బలెక్కాయి. దారిన పోయేవాళ్లు కొందరు బండ్లు ఆపి చూశారు, ఒకాయన ఫొటో తీసుకుని వెళ్లాడు. దిగినవాళ్లు లేరు. మధ్యాహ్నానికి సగం గుట్ట మిగిలే ఉంది. డ్రైవరుకు వేరే కిరాయి ఉంది. మాకు ఓపిక లేదు. కల్వర్టులో ఒక పక్క మాత్రం వెలుతురు కనిపిస్తోంది.

రాదలచినవాళ్లు మందపాటి గ్లౌజులు, పాత బూట్లు, ఎవరి నీళ్లు వాళ్లు తెచ్చుకోవాలి. ఆ సాయంత్రమే తిరుగు రైలు మాత్రం పెట్టుకోవద్దు. నేను పెట్టుకున్నాను. కాజీపేటలో ప్లాట్‌ఫాం మెట్లు ఎక్కడానికి రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది. అదృష్టవశాత్తు కిటికీ సీటు దొరికింది.

ఆలేరు దగ్గర కిటికీలోంచి జల్లు కొట్టింది. ఈ వానాకాలపు మొదటి వాన. బోగీలో అందరూ చల్లబడిందని సంబరపడుతుంటే నేను అక్కకు ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తింది. అక్కడ అప్పటికే గంటనుంచి కుంభవృష్టి. సగం నీళ్లు కల్వర్టులోంచి పోతున్నాయట, సగం రోడ్డెక్కాయట.

"సమ్మయ్యోళ్ల ఇల్లు?" అన్నాను.

"గడప దాకచ్చి ఆగినయి. ఓదేలు, సమ్మయ్య గలిసి గా కల్వర్టు మోరీ కాడనే నిలబడ్డరు, వానల. అడ్డం పడ్డయన్ని తీస్తాండ్లు."

ఫోన్ పెట్టేశాను. సంతోషం అనలేను. ఒక గుట్టలో సగం తీశాం, ఒక వానకు ఒక గడప దక్కింది. వచ్చే వానకు ఏమవుతుందో అక్కకూ తెలియదు. ఊరంతా కదులుతుందన్న ఆశతో వెళ్లాను, కదిలింది ఐదుగురు, చివరికి ఆరుగురు. ఆ ఆరోవాడు కాలువ పూడ్చినవాడే.

సికింద్రాబాద్ చేరేముందు మా కాలనీ గ్రూపులో రాశాను, వచ్చే ఆదివారం పొద్దున్నే నాలా దగ్గరికి రమ్మని. వేళ్లు వాచి అక్షరాలు తప్పు పడ్డాయి. ఒక్కొక్కరే చూసినట్టు గుర్తులు పడుతున్నాయి, జవాబు రాలేదు. మా వీధిలో కూడా నాలాలో మట్టి పోసినాయన ఒకరున్నారు. మీటింగుల్లో ఆయన పేరెత్తి తిట్టాం కానీ, ఆయనకు మట్టి పోసే చోటు ఎక్కడుందో ఎవరమూ అడగలేదు. రైలు దిగి ముందు ఆయనకే ఫోన్ చేశాను.