నాయనమ్మకు తెచ్చిన దుర్భిణీ

నా చిన్నప్పుడు ఒకసారి మా నాన్న చీరాల వెళ్ళి ఒకటి కాదు, రెండు దుర్భిణీలు తెచ్చాడు. మిరపకాయలు ఇంకా కల్లంలోనే ఎండుతున్నాయి. మా అమ్మ నెత్తి కొట్టుకుని, "వీటితో పొలం దున్నుతావా?" అంది. ఎందుకు తెచ్చాడో అమ్మకూ తెలుసు.

మా నాయనమ్మకు చూపు పోతోంది. ఆ సంగతి ముందు కల్లంలోనే బయటపడింది. ఆవిడ ఏరిన ఎర్రకాయల్లో తెల్లబడిన తాలుకాయలు కలిసిపోతుంటే, పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఆవిడకు తెలియకుండా మళ్ళీ ఏరేవారు. గుంటూరు తీసుకెళితే, కంటి నరం ఎండిపోయిందనీ, ఆపరేషను గానీ కళ్ళద్దాలు గానీ పనిచేయవనీ డాక్టరుగారు తేల్చి చెప్పేశారు. ఆ మాట మా నాన్న చెవికెక్కలేదు. ఎక్కడో దూరాన ఉన్నదాన్ని ముంగిట్లోకి తెచ్చే యంత్రం తన తల్లికి ఆమాత్రం చూపించదా అని ఆయన ఆశ. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

చీరాలలో ఫారిన్ సామాన్లు అమ్మే కొట్టాయన తెలిసినవాడే. రెండూ తీసుకెళ్ళి, నచ్చనిది తిరిగిచ్చేయమన్నాడట. ఏది మంచిదో తేల్చడానికి మా మేనమామను పిలిచారు. ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారు. అబ్బో, ఆయన హడావుడి చూసి తీరాలి! కల్లం గట్టున నిలబడి, దూరంగా మా చర్చి గోపురం మీద ఉన్న శిలువకు గురిపెట్టాడు.

"పెద్దదాని మీద ఎన్ని రెట్లో వేసిన నంబరు చూసి మోసపోమాక బావా. చెయ్యి కాస్త కదిలితే బొమ్మ గంతులేస్తది," అన్నాడు. మాకందరికీ చూడడం నేర్పాడు. చిన్నదాంట్లో శిలువ అంచు పెన్సిల్‌తో గీసినట్టుంది. పెద్దదాంట్లో ఆ అంచు వెంట ఊదారంగు చార కనిపించింది. కాసేపు చూసేసరికి ఒక శిలువ రెండైంది, నాకు తల నొప్పి పట్టుకుంది. రెండు గొట్టాలూ ఒకే వైపు చూడడం లేదనీ, అది పిల్లల ఆటవస్తువుతో సమానమనీ మామయ్య తీర్పు చెప్పాడు. మిరప దుమ్ము పడకుండా ఆ పెద్దదాని ముందు అద్దాలకు నల్లమూతలు బిగించి గోనెపట్టా మీద పెట్టేశాడు.

అప్పుడు మా నాన్న చేతులు కడుక్కున్నాడు. కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ కడుక్కున్నాడు. మిరపకాయలు పట్టిన చేతులు కళ్ళ దగ్గరకు వెళ్తే ఎలా ఉంటుందో మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. పాక నీడలో మంచం మీద కూర్చున్న నాయనమ్మ పక్కన చేరి, చిన్న దుర్భిణీని ఆవిడ కళ్ళకు ఆనించాడు.

"కనపడతా ఉందా అమ్మా?"

"ఆ, కనపడతా ఉందిరా. శిలువేగా?"

నాన్న మొహం వెలిగిపోయింది. ఉన్నపళాన రెండోది అందుకున్నాడు. "ఇది పెద్దదమ్మా, ఇంకా బాగుండొచ్చు. చూడు!"

"ప్రభువా! ఇందులో పక్కనే ఉన్నట్టుందిరా. శిలువ మీద పావురం కూడా వాలింది," అంది నాయనమ్మ.

నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. ముందు అద్దాల మీద మూతలు అలాగే ఉన్నాయి. మామయ్యా చూశాడు. అరవాలనిపించింది, పారిపోవాలనిపించింది, రెండూ చేతకాలేదు. దుర్భిణీ వెనక్కు తీసుకోబోతూ మా నాన్న కూడా ఆ మూతలు చూశాడు. వాటి మీద బొటనవేలు ఆనించాడు.

"అయితే ఇదే ఉంచుకుందామమ్మా," అన్నాడు.

అద్దాల గురించి అంతసేపు ఉపన్యాసం ఇచ్చిన మా మామయ్య, మంచిదాన్ని తనే తీసుకెళ్ళి కొట్లో ఇచ్చేసి వచ్చాడు.

ఆ సాయంత్రం నాన్న నన్ను పక్కకు పిలిచి, "మూతల సంగతి నాయనమ్మతో అనమాకమ్మా, బాధపడుద్ది," అన్నాడు. ఆయన అటు వెళ్ళగానే నాయనమ్మ తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "నాకేం కనపళ్ళేదే. వాడి గొంతు అట్లా వణుకుతా ఉంటే ఏం చెప్పను? మీ నాన్నతో అనమాక," అంది. నేను ఇద్దరికీ సరేనన్నాను. అంత చిన్నపిల్లని, ఇంకేం చేయగలను? ఆ తర్వాత చాన్నాళ్ళు ఆయన దుర్భిణీ పట్టుకోవడం, ఆవిడ చూసింది చూసినట్టు వర్ణించడం, మధ్యలో నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం జరుగుతూనే ఉండేవి.

ఇద్దరూ పోయారు. ఒకరి సంగతి ఇంకొకరికి నేను చెప్పనేలేదు. ఈనాటికీ ఎవరైనా ఏదైనా తెచ్చి "బాగుందా?" అని అడిగితే, నేను ముందు ఆ వస్తువును చూడను. అడుగుతున్న గొంతును వింటాను.