తావో, పట్టుపురుగులు, మా అవ్వ

నా చిన్నప్పుడు, పుంగనూరు హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతుండగా, మా సోషల్ సారు ఒక మధ్యాహ్నం పాఠం పక్కనపెట్టి చైనా దేశపు పాత జ్ఞానుల సంగతి చెప్పారు. వాళ్లు ‘తావో’ అంటారట, అంటే దారి అట. లోకం నడకకు అడ్డుపడకుండా నడవాలట, ఏమీ చేయకపోవడం కూడా ఒక పనేనట. నాకు తల తిరిగింది. మా ఇంట్లో ఏమీ చేయకుండా కూర్చుంటే చీపురు చేతికిచ్చేవారు మరి. “అట్లయితే పరీచ్చకు చదవకపోయినా పర్లేదా సార్?” అని అడిగాను. తరగతంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, మళ్లీ పాఠం పుస్తకం తెరిచారు.

ఆ వారమే మా పిన్ని కాన్పుకని అమ్మ కుప్పం వెళ్లింది. చౌడేపల్లె దగ్గర మా ఊళ్లో ఆడవాళ్లకెందుకీ పనులని అందరూ అంటున్నా, పట్టుబట్టి పట్టుపురుగులు తెచ్చుకున్న మనిషి మా అమ్మ. అదే ఆమె మొదటి పంట. “అవ్వకు కండ్లు సరిగా కనపడవు, నువ్వే సూసుకోవాల” అని నాకు అప్పజెప్పి బస్సెక్కింది.

మర్నాడు పొద్దున చూస్తే తట్టల్లో ఒక్క పురుగూ తినడం లేదు. తలలెత్తి బిగుసుకుపోయి ఉన్నాయి. వేసిన మల్బరీ ఆకు వేసినట్టే వాడుతోంది. అమ్మ పంట నా చేతుల్లో పోయిందనుకున్నాను. లేతాకు తెచ్చి, ఒక్కొక్క పురుగునూ వేళ్లతో తీసి దాని మీద పెట్టడం మొదలుపెట్టాను. ఒక తట్ట పూర్తయ్యేసరికి అవ్వ తడుముకుంటూ వచ్చింది.

“మేయ్, చెయ్యి తీ! అవి పొర ఇడస్తాండాయి. ఈ పొద్దంతా తినవు, కదలవు. యాల ముట్టుకుంటివి?”

గోడవార కూర్చోబెట్టి, చేతులు తొడల కింద పెట్టుకోమంది. సాయంత్రం దాకా అట్లాగే కూర్చున్నాను. కాళ్లు తిమ్మిరెక్కాయి గానీ, సారు చెప్పింది ఇదేనని తెలిసి లోలోపల మురిసిపోయాను.

తెల్లారి మిగతా తట్టల్లో పురుగులు కొత్త ఒంటితో లేచాయి. నేను కదిపినవి మాత్రం పాత పొరలోనే ఇరుక్కుని చచ్చిపోయాయి. బాగా ఏడ్చాను. బుద్ధొచ్చింది కదా, ఇక దేన్నీ ముట్టకూడదని మళ్లీ చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

“ఆకు యాడ? ఆకలికి తలలాడిస్తా ఉంటాయి, ఊరికే కూసున్నావే, నీకేమన్నా తిక్కా?” అని అవ్వ మళ్లీ తిట్టింది. తోటకు పరుగెత్తాను. ఆకు వేశాక అడిగాను, ఎప్పుడు చేయాలో ఎప్పుడు ఊరకుండాలో ఎట్లా తెలుస్తుందని.

“నాకు కండ్లు లేవు గదా. సెవి పెడ్తాను. ఆకుండి కూడా నమిలే సప్పుడు ఆగితే నేనూ ఆగుతాను.”

నేనూ చెవిపెట్టాను. ఆకుల మీద సన్నజల్లు పడుతున్నట్టు వినిపించింది. అయినా నాకు సగమే అర్థమైంది. అమ్మ తిరిగొచ్చాక ఒక తట్టెడు పురుగుల్ని పోగొట్టింది నేనేనని చెప్పేశాను. ఆమె నన్నొక్క మాటా అనలేదు. అదెందుకో కూడా నాకు బోధపడలేదు.

ఇప్పుడు మదనపల్లెలో కొడుకు దగ్గరుంటున్నాను. మొన్న పరీక్ష తప్పిన మనవరాలు గది తలుపేసుకుంది. తలుపు తట్టాలా, ఊరకుండాలా? ఇన్నేళ్లొచ్చినా తెలియలేదు. గడప పక్కన కూలబడి, చేతులు తొడల కింద పెట్టుకుని, తలుపుకు చెవి ఆనించాను. చాలాసేపటికి లోపల పేజీ తిప్పిన చప్పుడు వినబడింది. లేచి అన్నం కలపడానికి వెళ్లాను.