దిగి చూడని వాగు

ఉత్తరాన మంచుదీవిలో ఉన్న మా సేదిస్‌ఫ్యోర్దుర్ రేవులో ఓద్దుర్ పేరు తెలియనివారు లేరు. ఊరి బడిలో ఏడేళ్లే చదివాడు. అయితేనేం, ముప్పై నాలుగేళ్లు సహాయక దళంలో పనిచేశాడు. కొండవాగుల్లో చిక్కుకున్న నూటపన్నెండు బండ్లను ఒడ్డుకు లాగాడు. ఒక్క ప్రాణం పోనివ్వలేదు. దళంలో చేరిన ప్రతివారికీ ఆయన నేర్పిన మొదటి పాఠం ఒకటే: బండి దింపేముందు మనిషి వాగులో దిగి అవతలి ఒడ్డుదాకా నడిచి రావాలి. నడవలేని నీటిలో బండి నడపకూడదు.

జూలైలో కూతురు హెర్దీస్, డెన్మార్క్ అల్లుడు మాస్, ఆరేళ్ల మనవరాలు లీవ్ తమ జీపుతో సహా ఓడ దిగారు. పది రోజులు దేశమంతా చుట్టిరావాలని వాళ్ల కోరిక. ఓడ నాలుగు గంటలు ఆలస్యమైంది. వెన్న రాసిన ఎండుచేప నములుతూ రేవులో కాచుకున్న ఓద్దుర్ తిన్నగా వెళ్లి ముందుసీట్లో కూర్చున్నాడు.

"మొదట కొండల్లోకి పోదాం. దారి నేను చెబుతా."

"ఆ దారిలో వాగుంది, దాన్ని పొద్దున్నే దాటాలనేది నువ్వే కదా నాన్నా?" అంది హెర్దీస్. "ఇప్పుడెళితే సాయంత్రమవుతుంది."

"అది కొత్తవాళ్లకమ్మా. నాక్కాదు."

పగలంతా కాసిన ఎండకు కొండమీది మంచు కరిగి, వాగు బూడిదరంగులో ఉరుకుతోంది. మాస్ జీపు ఆపి బూట్లు విప్పసాగాడు.

"దిగి చూసొస్తా మామయ్యా. మీ పాఠమేగా!"

ఓద్దుర్‌కు ఆపరేషన్ చేసి తుంటి కీలు మార్చి ఏడాదే అయింది. తాను దిగలేడు. తాను సీట్లో కూర్చునుండగా చదునునేల మీద పెరిగినవాడు దిగి తనకు వాగు చూపించడమా?

"తొడుక్కోవోయ్ బూట్లు! మీ దేశంలో కొండన్నదే లేదు, నువ్వు చూసి నాకేం చెబుతావు? ఆ గండరాయికి ఎడమగా పోనీ. ఎన్ని వందలసార్లు దాటానో అక్కడ."

ఆ వసంతంలో వచ్చిన వరద సరిగ్గా అక్కడే గొయ్యి తవ్వింది. జీపు ముక్కు దిగబడి, నీళ్లు అద్దాలదాకా లేచాయి. మాస్ కిటికీలోంచి బయటపడి లీవ్‌ను భుజాలమీద ఒడ్డుకు చేర్చాడు. తర్వాత భార్యను. మామగారి కోసం మూడోసారి వచ్చి, ఆయన్ను జీపు పైకప్పు మీదికి నెట్టాడు. అప్పుడే మాస్ కాలు జారింది.

దళం వచ్చి ఓద్దుర్‌ను దించింది. మాస్ మర్నాడు మూడు కిలోమీటర్ల దిగువన శవమై దొరికాడు.

దళం గదిలో నాయకురాలు బ్రిన్యా నివేదిక కాగితం ముందేసుకుంది. ఆమె కూడా ఆయన శిష్యురాలే. కాగితంలో రెండో ప్రశ్న ఒకప్పుడు ఆయన పట్టుబట్టి చేర్పించినది: దిగి చూసిందెవరు?

"పరాయి దేశం మనిషి, తొందరపడి పోనిచ్చాడని రాస్తానండీ," అంది గొంతు తగ్గించి. "అందరూ నమ్ముతారు. ఈ వయసులో మీకెందుకు మచ్చ?"

తెరిచిన తలుపు అవతల బల్లమీద హెర్దీస్ కూతుర్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఓద్దుర్ అటు చూశాడు. సరే రాయి అన్న మాట నాలుకచివరి దాకా వచ్చింది.

"అతను దిగబోయాడని రాయి," అన్నాడు చివరికి. "వద్దన్నది నేనని రాయి."

బ్రిన్యా కలం కదల్లేదు.

"రాయవమ్మా. చేతకాకపోతే ఇలా తే, నేనే రాస్తా."

హెర్దీస్ లేచి వచ్చి, తండ్రి ముఖం చూడకుండా తలుపు మూసింది. మరుసటి గురువారం శవపేటికతో ఓడెక్కింది. రేవుకు రావద్దని ముందురోజే కబురు పెట్టింది. ఆయన వెళ్లలేదు.