ఐదుతో మొదలయ్యే తప్పు

తప్పు మాదే అని రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని ఆ రోజు అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

అప్పుడు ఎంసీఏ ఆఖరి సంవత్సరం. తార్నాకలో ఒక మేడమీది గదిలో అద్దెకుండేదాన్ని. ప్రాజెక్టు కోసం మాదాపూర్ కంపెనీల చుట్టూ తిరిగే ఓపిక లేక క్యాంపస్‌లోనే, కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. లైబ్రరీ పక్కన పెద్ద రీడింగ్ రూమ్ ఉండేది. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివేవాళ్లతో ఎప్పుడూ కిటకిటలాడేది. పొద్దున తలుపు తీసేసరికి తోపులాట జరుగుతోందని, ముందురోజు సాయంత్రమే ఫోనులో సీటు బుక్ చేసుకునేలా ఒక వెబ్‌సైట్ పెట్టారు. దాన్ని తయారుచేసిన సీనియర్లు కోర్సు పూర్తయి వెళ్లిపోయారు. ఇక దాన్ని చూసుకోవడం నా పని. నా పైన ఒక సార్. సెంటర్ మొత్తాన్నీ ఆయనొక్కరే నెట్టుకొస్తున్నారు.

ఒక పొద్దున సార్ వెంట రీడింగ్ రూమ్‌కు వెళ్లేసరికి తలుపు దగ్గర గొడవ. ఒక అమ్మాయి ఫోను పైకెత్తి పట్టుకుని వాచ్‌మన్‌తో వాదిస్తోంది. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి రోజూ వస్తుందట.

"లేదంటే ఎట్ల? గీ ఫోన్ల చూడున్రి, సీటు బుక్ అయిందని రాసి ఉన్నది కదా!"

"గీడ నీ పేరు లేదమ్మా, నేనేం చెయ్యాలె?" అన్నాడు వాచ్‌మన్, చేతిలోని లిస్టు చూపిస్తూ.

సార్ ముందుకెళ్లారు. "పాత స్క్రీన్‌షాట్ పట్టుకొచ్చి చూపిస్తే ఎట్లమ్మా? సర్వర్ ఎట్లున్నదో చూపెట్టే మా బోర్డు మీద అంతా గ్రీనే ఉన్నది. సర్వర్ అబద్ధం చెప్తదా?"

"అంటే నేను చెప్తున్ననా సార్, అబద్ధం?"

ఆ అమ్మాయి బ్యాగు సర్దుకుని మెట్ల మీద కూర్చుని పుస్తకం తీసింది. ఏడవలేదు, వెళ్లిపోలేదు. అక్కడే కూర్చుని చదవడం మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం అన్నానికి వెళ్లకుండా నేరుగా ల్యాబ్‌కు వెళ్లాను. అక్కడ నా కంప్యూటర్‌లో ఆ వెబ్‌సైట్ నకలు ఒకటి ఉండేది. సీట్ల వివరాలు దాచుకునే డేటాబేస్‌ను కావాలనే ఆపేసి, నా పేరు మీద ఒక సీటు బుక్ చేశాను. దాచుకునే చోటే లేనప్పుడు బుక్ కావడానికి వీల్లేదు. అయినా తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి: మీ సీటు బుక్ అయింది.

మనం ఫోనులో ఏది అడిగినా, అవతల ఉన్న సర్వర్ జవాబుతో పాటు ఒక మూడంకెల సంఖ్య కూడా పంపుతుంది. మామూలుగా అది మన కంటికి కనబడదు. రెండుతో మొదలైతే అడిగిన పని అయిందని. మూడుతో మొదలైతే అది ఇక్కడ కాదు, ఫలానా చోట అడగమని. నాలుగుతో మొదలైతే అడిగినవాళ్ల వైపు పొరపాటుందని. లేని పేజీ అడిగితే వచ్చే 404 అందరూ చూసిందే. ఐదుతో మొదలైతే పొరపాటు సర్వర్‌దే. ఇవన్నీ నేను రెండు మార్కుల ప్రశ్న కోసం ఇంగ్లిష్‌లో బట్టీపట్టినవే. పదో తరగతి దాకా తెలుగు మీడియం నాది. నోటికి వచ్చినవన్నీ బుర్రకెక్కేవి కావు. ఆ మధ్యాహ్నం ఒక్కో సంఖ్యనూ తెలుగులో చెప్పుకుంటుంటే, ఐదు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. ఐదంటే 'నీ తప్పు కాదు, నాది' అని అవతలివాడు ఒప్పుకోవడం.

మా సర్వర్ మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఏం జరిగినా 200 పంపమని ప్రోగ్రామ్‌లో రాసి ఉంది. సాయంత్రం అందరూ ఒక్కసారిగా బుకింగ్‌కు దిగితే డేటాబేస్ చేతులెత్తేసేది. సర్వర్ మాత్రం అయిపోయిందని చెప్పి పంపించేసేది. వారాసిగూడ నుంచి, సీతాఫల్‌మండి నుంచి పొద్దున్నే వచ్చినవాళ్లు తలుపు దగ్గర అబద్ధాలకోరులయ్యేవాళ్లు.

వెంటనే మార్చేశాను. డేటాబేస్ అందకపోతే 503 వెళ్తుంది, అంటే ఇప్పుడు చేయలేను, కాసేపాగి అడగమని. తెర మీద కూడా రాశాను: "సీటు బుక్ కాలేదు. తప్పు మాది, మీది కాదు. కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి." ఎవరినీ అడక్కుండానే అసలు సర్వర్‌లో పెట్టేశాను.

మర్నాడు సార్ పిలిచారు. సెంటర్ గోడ మీది ఆ బోర్డు ఎర్రగా ఉంది.

"ఏందమ్మా ఇది? ఏం ఖరాబ్ చేసినవ్?"

"ఏం చెయ్యలేదు సార్. మొన్న, అంతకుముందు కూడ గిట్లనే ఉన్నది. గప్పుడు కనబడలే, ఇప్పుడు కనబడుతున్నది."

ఆయన కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "పైనుంచి పెద్దసార్లు వస్తరు. ఎర్రగ కనబడితే అడిగేది నన్ను, నిన్ను గాదు. ఆ సీనియర్ పిల్లలతోని 200 పెట్టమని నేనే చెప్పిన. పెద్ద సర్వర్ మిషన్ కావాల్నని ఎన్నిసార్లు అడిగినా ఇయ్యలే. నన్నేం చెయ్యమంటవ్?"

ఆయన కాసేపు ఆలోచించి, "సరే, నీ మాటే కానీ. ఎర్రర్ పంపు. గని 400 పంపు. ఐదుకే గదా ఎర్రగయితది," అన్నారు.

"నాలుగంటే అడిగినోళ్ల తప్పు సార్. ఆ లాలాగూడ అమ్మాయి చేసిన తప్పేంది?"

"ప్రాజెక్టు మీద నా సంతకం కావాల్నా, వద్దా?"

"కావాలె సార్. దానికోసం నాలుగు మాత్రం పెట్టను."

మధ్యాహ్నానికల్లా నా లాగిన్ పోయింది. పాత 200 తిరిగొచ్చింది, బోర్డు పచ్చబడింది.

తిన్నగా రీడింగ్ రూమ్‌కు వెళ్లాను. ఆ అమ్మాయిని బయటికి పిలిచి సంగతంతా చెప్పాను. వెబ్‌సైట్‌లో 'నా సీటు' అని ఇంకో పేజీ ఉంది. అన్నిటికీ 200 పెట్టేటప్పుడు సీనియర్లు దాని జోలికి పోలేదు. సీటు నిజంగా లేకపోతే 404 అని అదే చెప్తుంది. "బుక్ అయిందని వచ్చినంక కాసేపాగి ఆ పేజీ తెరిచి చూడు. రెండూ ఫొటో తీసి పెట్టుకో," అన్నాను. ఆ సాయంత్రం బుకింగ్ మొదలైనప్పుడు ఇద్దరం అక్కడే గట్టు మీద కూర్చున్నాం. రెండు తెరలూ మార్చి మార్చి చూసి పకపకా నవ్వింది.

"ఏందక్కా ఇది! ఒక నోటితోని అయిందంటది, ఇంకో నోటితోని లేదంటది!"

మర్నాడు తను ఒక్కతే రాలేదు. సీటు దొరకని వాళ్లందరూ ఫోన్లు పట్టుకుని సెంటర్ వరండాలో నిలబడ్డారు. అరుపులేం లేవు. సార్ బయటికి రాగానే ఆ అమ్మాయి రెండు తెరలూ చూపించి, "మేం అబద్ధం చెప్తలేం సార్," అంది. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. ఆ తర్వాత ఇంకో ఫోను. ఇంకోటి.

కాసేపటికి నాకు కబురొచ్చింది.

"నీ 503 నువ్వు మళ్ల పెట్టుకో. ఆ 'తప్పు మాది' అన్న లైను మాత్రం తియ్యి."

"లైనుతోనే పెడ్తా సార్."

"మస్తు మొండిదానివమ్మా నువ్వు," అని లాగిన్ తిరిగిచ్చారు. లైను తీశానో లేదో చూడలేదు. చూడకూడదనే అనుకున్నారేమో.

బోర్డు ఎర్రబడింది. పెద్దసార్లు వచ్చి ఇదేమిటని అడిగితే ఈసారి ఆయన దాన్నే చూపించి, మిషన్ చాలడం లేదని చెప్పారట. కొత్తది వచ్చేలోపు నా కోర్సు అయిపోయింది.

వైవా రోజు బయటి కాలేజీ నుంచి వచ్చిన ఆవిడ, ఈ ప్రాజెక్టులో నువ్వు చేసిందేమిటని ఇంగ్లిష్‌లో అడిగారు. పక్కనే సార్ ఉన్నారు. "పనికాకపోతే కాలేదని చెప్పేలా చేశాను మేడమ్, తప్పెవరిదో కూడా చెప్పేలా చేశాను," అన్నాను, తెలుగులోనే. ఆవిడ సార్ వైపు చూశారు. ఆయన తల ఊపారు. సంతకం పెట్టారు గానీ మార్కులు క్లాసులో అందరికంటే నాకే తక్కువ వేశారు. ఎందుకని వెళ్లి అడగలేదు. ఆ మార్కుల కాగితాన్ని ఏ ఇంటర్వ్యూలోనూ దాచలేదు.