తుపాను తప్పుల పుస్తకం

ఆ రోజుల్లో నాకు ప్రపంచంలో రెండే రకాల నీళ్లు తెలుసు: మడి నీళ్లు, మిగతా నీళ్లు. రామతీర్థంలో గుడి సేవ చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. మా నాయనమ్మ తన బిందె దరిదాపులకి సొంత కొడుకుల్ని కూడా రానిచ్చేది కాదు. (బిందెకి మూరెడు దూరం తిరిగి నడవడం నాకు నడకతోపాటే వచ్చింది.) అంచేత విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో ఒక పళ్ల డాక్టరమ్మ దగ్గర అసిస్టెంటుగా చేరినప్పుడు, నీళ్ల శుభ్రం గురించి నాకు ఒకరు చెప్పాల్సింది ఏమీ లేదన్న నమ్మకంతో చేరాను. నమ్మకం కూడా పంటి మీద గారలాంటిదే. ఉన్నవాడికి కనిపించదు, ఎదురుగా కూర్చున్నవాడికి కనిపిస్తూనే ఉంటుంది.

మూడేళ్లు ఆ రెండు కుర్చీల క్లినిక్కుకి నేనొక్కణ్ణే అసిస్టెంటుని, అంటే సీనియర్నీ జూనియర్నీ నేనే. తరవాత తుపాను వచ్చింది. కొత్తగా చేరిన అసిస్టెంటు అమ్మాయికి ఆ పేరు నేను పెట్టిందే, మనసులో. భోగాపురం దిగువన సముద్రం ఒడ్డు పల్లె వాళ్లది. వాళ్ల నాన్న పడవ మీద వేటకి వెళ్తాడు. ఆ అమ్మాయి మాట గాలికి ఎదురుగా అరిచి అలవాటైన మాట. చేరిన రోజే నన్ను పైనుంచి కిందకి చూసి, "నువ్వేటి, పంతులువా? మరి పళ్లోళ్ల కాడికి ఎలాగొచ్చీసినావు?" అంది. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న పెద్దాయన ఆ తెరిచిన నోటితోనే నవ్వేశాడు. నేను ఆ నోట్లో ఉమ్మి లాగే గొట్టం పెట్టేశాను.

చేరిన వారానికే నా పీఠం కదిలింది. మొదటి కుర్చీలో నీళ్లు సరిగ్గా రావడం లేదని మెకానిక్కుని పిలిస్తే, అతను డ్రిల్లుకి నీళ్లు వెళ్లే సన్నటి గొట్టాన్ని కోసి చూపించాడు. లోపల వేలికి అంటుకునే జిగురు. మేడం ముఖం వాడిపోయింది. నేను వెంటనే, "మనం పోసేది ఫిల్టరు నీళ్లేనండీ, నేనే పోస్తాను" అన్నాను, అదేదో గొప్పలా. తుపాను ఆ ముక్కని వెలుతురులో పెట్టి చూసి, "పోసిన నీళ్లు మంచియే డాక్టరమ్మా. నిలవున్నాయి, అదే తప్పు. మా అయ్య పడవ నాల్రోజులు కదలకపోతే అడుగున ఇదే జిగురు పడతాది. పైన కడిగితే పోదు. దినమూ కదుపుతుండాలి, మందెయ్యాలి" అంది. మేడం కాలేజీలో రెండు చాప్టర్లుగా చదువుకున్న సంగతిని ఈ పిల్ల రెండు ముక్కల్లో చెప్పేసిందన్న ఆనందంతో, "చూశావా?" అని నా వైపు తిరిగింది. చూశాను. పళ్లు నూరుకోవడం పంటి ఆరోగ్యానికి మంచిది కాదని తెలిసీ నూరుకున్నాను.

ఆ సాయంత్రమే మేడం మా ఇద్దర్నీ నిలబెట్టి చెప్పింది. భోగాపురంలో విమానాశ్రయం కడుతున్నారు కాబట్టి అక్కడ ఇంకో క్లినిక్కు తెరుస్తుందట. దానికి ముందు ఇక్కడ భద్రతా ప్రమాణాల సర్టిఫికెట్టు తెచ్చుకోవాలట. కొత్త క్లినిక్కుకి ఇన్‌ఛార్జిగా మా ఇద్దరిలో ఒకరు వెళ్లాలట. అప్పటిదాకా తల ఊపుతున్న నేను, "నీళ్ల గొట్టాల పని మాత్రం ఈ అమ్మాయే చూస్తుంది, ఎప్పుడేం చేశావో రోజూ రాసిపెట్టమ్మా" అని మేడం అనేసరికి ఊపడం ఆపేశాను. (కొత్త క్లినిక్కు కబురు ముందే నా చెవిన పడింది. అప్పటికే నేను ఇంటికెళ్లే నెల్లిమర్ల బస్సు కండక్టరుతో సహా అందరికీ నేను ఇన్‌ఛార్జినైపోయానని చెప్పుకున్నాను. బస్సులో కిటికీ సీటు కూడా ఇస్తున్నాడు పాపం.)

అప్పుడు పట్టుకుంది నాకు అసలు జబ్బు. పళ్లలో కుళ్లుకి పైన కప్పు వేసి లోపల మందు పెట్టొచ్చు గాని, నా కుళ్లుకి ఆ క్లినిక్కులో వైద్యం లేదు. మేడం "శభాష్" అంటే అది తుపానుకే. పేషెంట్లు వచ్చి "ఆ అమ్మాయి లేదా?" అని అడిగితే, ఎదురుగా నిలబడ్డ నేను గోడకి వేలాడే బొమ్మ పళ్లసెట్టులా పళ్లికిలించి "ఉందండీ" అనాలి. ఆలోచించి ఆలోచించి ఒక పుస్తకం కొన్నాను. ఆమె ఏ రోజు ఏ పని ఎగ్గొడుతుందో నిమిషాలతో సహా రాసుకుని, సర్టిఫికెట్టు వాళ్లు వచ్చే ముందు రోజు మేడం బల్ల మీద పెట్టాలని నా పథకం. ఆరు వారాలు రాశాను. స్టెరిలైజరు పక్కన నక్కి రాశాను, ఎక్స్‌రే తెర వెనక నిలబడి రాశాను. ఒక్క తప్పూ దొరకలేదు. పొద్దున్నే ప్రతి గొట్టంలోంచీ రెండు నిమిషాలు నీళ్లు వదిలేది. పేషెంటు దిగాక మళ్లీ ముప్పై సెకన్లు. సీసాలో మందుబిళ్ల వేసేది. సాయంత్రం సీసా ఖాళీ చేసి గొట్టాల్లోకి గాలి కొట్టేది. తప్పు దొరకనివాణ్ణి చూస్తే కలిగే కోపం ముందు తప్పు చేసినవాడి మీద కోపం ఏపాటిది!

ఇక ఆమె రాతల సంగతి. తుపానుకి రిజిస్టరు అంటే పడదు. వాళ్ల ఇంట్లో పడవ ఎప్పుడు వెళ్లిందో ఎప్పుడొచ్చిందో అంతా గోడ మీది క్యాలెండరులోనే రాస్తారట. కాబట్టి ఇక్కడా క్యాలెండరు మీదే పెన్సిల్‌తో గీకేది. కాని మాది రోజుకో కాగితం చింపే రకం. చింపే హక్కు సీనియర్‌గా నాది. మొదటి రోజే, "పంతులూ, సింపిన కాగితాలు జాగర్త, అందులో నా నీళ్ల రాత ఉన్నాది" అంది. "ఆఁ ఆఁ" అన్నాను. ఆ 'ఆఁ' లో దాస్తాననీ లేదు, దాయననీ లేదు. మా క్లినిక్కులో చిన్నపిల్లలకి పాలపళ్లు తీసినప్పుడు ఇంటికి తీసుకెళ్లి కప్పు మీద వేస్తామని అడుగుతారు కదా, ఆ పన్ను చుట్టి ఇవ్వడానికి చేతికందే కాగితం అదే. అలా తుపాను రాత రోజుకో ముక్క చొప్పున విజయనగరం ఇళ్ల కప్పులెక్కింది. తెలిసే చేశానా అంటే, ఇన్నేళ్ల తరవాత కూడా కాస్త నీళ్లు నములుతాను.

సర్టిఫికెట్టు వాళ్లు చెప్పిన రోజుకంటే ముందే, చెప్పకుండా వచ్చారు. (నా పథకంలోని 'ముందు రోజు' అలా పోయింది.) వచ్చినాయన బక్కగా, ముక్కు చివర కళ్లద్దాలతో, ఇల్లు అద్దెకి చూడ్డానికి వచ్చినవాడిలా ప్రతి కుళాయీ తిప్పి చూశాడు. నీళ్ల పరీక్ష రిపోర్టు బాగానే ఉంది. "ఇది పరీక్ష చేసిన రోజు నీళ్ల సంగతండీ, మిగతా రోజుల రాత ఏదీ?" అన్నాడు. తుపాను ధీమాగా గోడ చూపించి, "అదిగో సార్, కేలండర్లో. దినదినమూ రాసీసినాను" అంది. ఆయన వెళ్లి చూశాడు. ఆ రోజు కాగితం ఒక్కటే ఉంది.

"పాతవి పంతులు దగ్గరున్నాయి సార్" అంది తుపాను.

అందరూ నా వైపు తిరిగారు. "పళ్లు చుట్టి ఇచ్చేశానండీ" అన్నాను.

"ఏ పళ్లు?" అంది మేడం.

"పాలపళ్లండీ. పిల్లలవి. ఇప్పుడవి... కప్పుల మీద ఉంటాయండీ."

మేడం నుదురు పట్టుకుంది. ఆయన కాగితం తీసి, "రాత లేదంటే పని జరగలేదనే రాసుకోవాలి మేము" అన్నాడు. "నాను సేసినాను సార్" అంది తుపాను. ఆయన కలం తీశాడు. "నాను సేసినాను" అంది మళ్లీ. ఈసారి ఆ గొంతులో గాలి లేదు. నేను నోరు మెదపకపోతే చాలు, భోగాపురం నాదే. కిటికీ సీటు ఖాయం. మంచితనం వల్ల నోరు విప్పానని రాయాలని ఉంది గాని, అబద్ధం. ఆరు వారాల పాటు తిండి మానేసి కాపలా కాసింది నేను. ఆ పని జరగలేదని రాస్తే నా కాపలా ఏమైపోవాలి? జేబులోంచి పుస్తకం తీసి ఇచ్చాను.

ఆయన పైకి చదవడం మొదలుపెట్టాడు. "సోమవారం. ఎనిమిదీ నలభై ఒకటి. మొదటి కుర్చీ, రెండు నిమిషాలు. గడియారం చూడలేదు, ఏదో పాట పాడుకుంటోంది. అయినా సరిగ్గా రెండు నిమిషాలే. ఎలా?" ఆయన ఆగి, కళ్లద్దాలు సర్దుకుని, మళ్లీ చదివాడు. "బుధవారం. ఈ రోజైనా బిళ్ల వెయ్యడం మరిచిపోతుందని ఆశపడ్డాను. వేసింది. దిక్కుమాలిన రోజు." తుపాను చున్నీ నోట్లో కుక్కుకుంది. "శుక్రవారం. గాలి కొట్టింది. మేడం మెచ్చుకుంది. నేను పొద్దుట్నుంచి నలుగురి పళ్లు పట్టుకుని నిలబడితే ఒక్క మాట లేదు." ఇది విని మేడం కిటికీలోంచి బయటకి చూసింది. నేను స్టెరిలైజరులో దూరి మూత వేసుకుందామా అనుకున్నాను.

అంతా చదివి ఆయన పుస్తకం మూసి, "ఊరూరా రిజిస్టర్లు చూస్తానమ్మా. పని చేసినవాళ్లే రాసుకుంటారు, చెయ్యని రోజు కూడా రాసేసుకుంటారు. తప్పు దొరకాలని మొక్కుకున్నవాడు రాసింది మాత్రం ఇదే మొదటిసారి చూడ్డం. దీన్ని నమ్మకపోతే ఇంక దేన్ని నమ్మాలి?" అన్నాడు. ఇకనించి రిజిస్టరు విడిగా పెట్టాలనే షరతుతో సర్టిఫికెట్టు వచ్చింది. భోగాపురం తుపానుకి వెళ్లింది. రిజిస్టరు నాకు వచ్చింది. వెళ్లే రోజు నా ముందు నిలబడి, "ఓలమ్మో, నన్ను ఇన్నాళ్లు ఇంత పట్టిసూసినోడు మా అయ్య కూడా కాదు పంతులూ" అని వెళ్లిపోయింది. తిట్టిందో మెచ్చుకుందో బస్సులో నెల్లిమర్ల దాకా ఆలోచించాను. (నిలబడే. కండక్టరుకి అప్పటికే కబురు తెలిసిపోయింది.)

ఇప్పుడు నా నెత్తిన నాలుగు తెల్ల వెంట్రుకలు, నా కింద ముగ్గురు అసిస్టెంట్లు. మొన్న తుపాను ఫోన్ చేసింది. వాళ్ల క్లినిక్కుకి తనిఖీ వస్తోందట. "ఇక్కడ అందరూ మంచోళ్లే పంతులూ, అదే బెంగ. నాను ఏటి సేసినా బాగున్నాది అంటారు, ఒక్కడూ తప్పు రాయడు. నీలాగ కుళ్లుమోతోడు ఎవుడైనా ఉంటే పంపు, నన్నే కనిపెట్టుకుని ఉండాల" అంది. అలాగే వెతుకుతానన్నాను. ఫోన్ పెట్టేశాక మా ముగ్గురు అసిస్టెంట్లనీ ఒక్కొక్కణ్ణే ఎగాదిగా చూశాను. పొద్దుట ఎనిమిదీ నలభై నుంచి సాయంత్రం దాకా, ఆ అమ్మాయి పాడుకునే పాటతో సహా రాసుకునే పని వీళ్లలో ఎవడికి ఇవ్వాలి? నిజం చెప్పొద్దూ, ఎవడికీ ఇవ్వబుద్ధి కాలేదు. మర్నాడు తుపానుకి ఫోన్ చేసి, ఇంకా వెతుకుతూనే ఉన్నానని చెప్పాను.