కృపానందం రిపేరు

నాచారంలో ఎవరి ఫోనులో వీడియో ఆగినా కృపానందాన్నే పిలుస్తారు. ఆయన ముందు తెర తుడుస్తాడు, తర్వాత ఫోను ఆపి మళ్లీ వేస్తాడు, అప్పటికీ కదలకపోతే అందరి చేత కళ్లు మూయించి ప్రార్థిస్తాడు. పెద్ద డాక్టర్ల వరసా ఇంతే, పైకి చెప్పరు గానీ.

ఒక ఆదివారం, మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలలేని రాహేలు తన మనవడు బాప్తిస్మానికి నీళ్లలో మునగడం చర్చి వెబ్‌సైట్‌లో లైవ్‌గా చూడాలి. కృపానందం వచ్చి తుడిచినా, ఆపి వేసినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ప్రార్థన మొదలైంది. సగంలోనే ఫోనులోంచి పాట వినిపించింది. ఆమెన్ అనేదాకా కళ్లు తెరవకూడదాయె! "అన్నా, వస్తుంది! జర ఆమెన్ అను" అంది రాహేలు. "ఆగు చెల్లే, దేవుడు గింత జేసిండు, వందనాలు జెప్పొద్దా?" అంటూ ఆయన కాలనీ మొత్తాన్నీ పేరుపేరునా దీవించాడు. కళ్లు తెరిచేసరికి మనవడు తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. "సూసినవా, నడిసింది!" అన్నాడు కృపానందం. "నడిసిందన్నా. నీ ప్రార్థనకన్న ముందే బాప్తిస్మం అయిపోయింది గూడ."