కాశీలో వదిలిన చిక్కుడు

హైమవతి గారిది మా ఎదుటి ఫ్లాటే. నోయిడాలో మా అంతస్తు మొత్తానికి తెలుగు మాట్లాడే ఇళ్లు రెండే. అందుకని ఆవిడ గురించి నేను చెబితే కాస్త పక్షపాతం ఉంటుంది, ముందే ఒప్పుకుంటున్నాను.

భర్త పద్మనాభం గారు సెంట్రల్ గవర్నమెంటులో చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో కాపురం, ఇప్పుడు కూతురు ప్రవల్లిక దగ్గర. రిటైరైన ఏడాది ఇద్దరూ కాశీ వెళ్లారు. కాశీ వెళితే ఒక పండూ ఒక కూరా వదిలెయ్యాలి కదా. మనలో చాలామంది తెలివిగా నోటికి నచ్చని కాకరకాయో పొట్లకాయో వదిలేసి పుణ్యం మూటగట్టుకొస్తారు. నేనూ ఆ బాపతే. ఆయన మాత్రం ప్రాణంలా చూసుకునే చిక్కుడును వదిలేశారు. తెనాలి మనిషి, వంకాయ చిక్కుడుగింజల కూర ఉంటే మజ్జిగన్నంలోకి కూడా అదే నంజుకునేవారట. ఆ రోజు నుంచి పన్నెండేళ్లు దాన్ని ముట్టుకోలేదు. హైమవతి గారికీ అదంటే ఇష్టమే, కానీ ఆయన తిననిది తనకెందుకని వండటమే మానేసింది.

రెండేళ్లుగా ఆయనకు మతిమరుపు జబ్బు. మొదట తాళాలు, తర్వాత మనవరాలి పేరు, ఈ వేసవికి ఆకలే మరిచిపోయారు. ముద్ద పెడితే బుగ్గన దాచుకుని కూర్చునేవారు. బరువు నలభై ఆరు కిలోలకు దిగింది. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుందన్నాడు డాక్టరు.

అలాంటి మనిషి ఒక ఉదయం స్పష్టంగా అడిగారు. "హైమా, చిక్కుడుగింజల కూర వండి ఎన్నాళ్లయిందే?"

మర్నాడూ అడిగారు. ఆ మర్నాడూ అడిగారు.

"వండి పెట్టమ్మా. నాన్నకి కాశీ సంగతి గుర్తే లేదు," అంది ప్రవల్లిక.

"ఆయనకి లేదు, నాకుందిగా. పన్నెండేళ్లు నిష్ఠగా ఉన్న మనిషి. మతి సరిగ్గా లేనప్పుడు నా చేత్తో తప్పిస్తే, రేపెప్పుడైనా గుర్తొచ్చి అడిగితే ఏం చెప్పుకోను?"

నాకు ఒళ్లు మండింది. "గంగమ్మ తల్లే కదండీ, తిండి దగ్గర తప్పులు పడుతుందా?" అన్నాను. ఆ మూడు రోజులూ ఆవిడ కూడా సరిగ్గా తినలేదని తర్వాత తెలిసింది.

నాలుగో రోజు ఆవిడే వచ్చి నా తలుపు కొట్టింది, చిక్కుడుగింజలు ఎక్కడ దొరుకుతాయని. జూన్ ఎండల్లో ఢిల్లీలో చిక్కుడెక్కడిది? సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లోంచి ఒలిచిన గింజల ప్యాకెట్ తెచ్చిచ్చాను. ఆవిడ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. ఎప్పుడు ఒలిచారో ఏమో, అదంతా చద్దికింద లెక్క అని అలాంటివి ఏనాడూ ఇంట్లోకి రానివ్వలేదు. ఎండు గింజలకు చేసినట్టే అలవాటుగా సగం గింజల్ని నీళ్లలో నానబోసింది. గంటకల్లా అవి మెత్తబడి, తొక్కలూడి తేలాయి. మిగతా సగాన్ని నేను పక్కనే నిలబడి, గడ్డకట్టినవి కట్టినట్టే మరిగే ఉప్పునీళ్లలో వెయ్యమన్నాను. పది నిమిషాల్లో ఉడికాయి. వంకాయ ముక్కలు మగ్గాక గింజలు కలిపి, అల్లం పచ్చిమిరప ముద్ద వేసింది.

పొయ్యి కట్టేసి, కాశీ ఉన్న తూర్పు దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టుకుంది. పెదవులు కదిలాయి. ఏమనుకుందో నేను అడగలేదు.

పద్మనాభం గారు మొదటి ముద్ద నమిలారు. మింగారు. రెండోది మింగారు, మూడోదీ మింగారు. నాకు, ప్రవల్లికకు కళ్లనీళ్లు ఆగలేదు. హైమవతి గారు మాత్రం తల ఎత్తకుండా ముద్దలు కలుపుతూనే ఉంది. కాసేపటికి ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు తినవేం?"

"నేను చిక్కుడు వదిలేశానండీ."

"ఎప్పుడు?"

"ఇందాకే."

ఆయన వదిలినదాన్ని ఆవిడ తన మీద వేసుకుందని నాకప్పటికి అర్థమైంది. ఆయన ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశారు. కాశీ గుర్తొచ్చిందేమోనని ఆవిడ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"అయితే నీ వాటా కూడా నాకే పెట్టు," అన్నారాయన.

గిన్నెలో మిగిలిందంతా ఆయన కంచంలో వేసి, అప్పుడు ఏడ్చింది హైమవతి గారు.